చెవిలో పిలిచిన పేరు

వేదిక పక్కన బెంచీ మీద ఇంకా ఎంతమంది పిల్లలు మిగిలారో పరమేష్ మెడ సాచి చూశాడు. తక్కువమందే. ఆ చివరన జడలకు తెల్ల రిబ్బన్లు కట్టుకుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నది అతని మూడో బిడ్డ, భావన. షాద్‌నగర్‌లో ఒక సర్కారు బడి, తొమ్మిదో తరగతి. తెలుగు భాషా దినోత్సవమని తెలుగు చెప్పే మెర్సీ మేడం ఈసారి పద్యాల పోటీ పక్కన పెట్టి కొత్త ముచ్చట ఒకటి తెచ్చింది. ప్రతి పిల్లా వేదికెక్కి తన పేరుకు అర్థం చెప్పాలి, ఆ పేరు ఎవరు పెట్టారో, ఎలా పెట్టారో చెప్పాలి, ఆ తర్వాత అమ్మో నాయినో లేచి ఒక మాట మాట్లాడాలి. కన్నవాళ్లంతా పెళ్లికి వచ్చినట్టు ఇస్త్రీ బట్టలతో వచ్చారు. ఒకాయన కురుమూర్తి స్వామికి మొక్కుకుంటే కలిగాడని కొడుక్కి కురుమయ్య అని పెట్టుకున్నాడట, ఇప్పుడు వాడు బళ్లో ఆ పేరు చెప్పుకోవడానికి ముడుచుకుపోతున్నాడట. చెప్పి ఆయనే ముందు నవ్వాడు, అందరూ నవ్వారు. ఒకామె తన బిడ్డ పుట్టిన రాత్రి కరెంటు పోయిందనీ, కిటికీలోంచి పడిన వెలుగులోనే మొదట మొహం చూశాననీ, అందుకే వెన్నెల అనీ చెప్పి కళ్లు తుడుచుకుంది. పరమేష్ కూడా అందరితో పాటు చప్పట్లు కొట్టాడు. పొద్దున చెప్పులు వేసుకుంటూ, అడగనట్టే అడిగాడు బిడ్డను, ఆడ ఏం చెప్తవమ్మా అని. ఆడికొచ్చినంక ఇనుపో నాయినా అని నవ్వి సైకిలెక్కి వెళ్లిపోయింది. ఆ నవ్వు ఏమీ తెలియని పిల్ల నవ్వా, అంతా తెలిసి దాచుకున్న నవ్వా? దానికి తెలుసా? తల్లి చెప్పిందా? ఇంకో పావుగంటలో ఇంతమంది ముందు, మైకులో, తేలిపోతుంది.

పక్కన భార్య నవనీత కూర్చుని ఉంది. పక్కన అంటే పక్కన కాదు, మధ్యలో ఒక కుర్చీ ఉంది, దాని మీద ఆమె సంచీ ఉంది. ఎవరైనా చూస్తే సంచీకి కూడా కుర్చీ కావాలా అనుకుంటారు. వాళ్ల మధ్య ఆ మాత్రం జాగా ఎప్పుడూ ఉంటుంది, బస్సులో అయినా, పెళ్లి పందిట్లో అయినా. కొట్లాడుకోరు. ఒకరినొకరు మాట అనుకోరు. ఆమె వండుతుంది, అతను తింటాడు, ఉప్పు ఎక్కువైందని కూడా అనడు. అనే హక్కు ఎప్పుడో పోయిందని అతనికి లోపల తెలుసు. కంపెనీలో అందరూ నీదేం అదృష్టం పరమేషన్నా, మీ ఇంట్ల సప్పుడే ఉండదు అంటారు. ఉండదు. సద్దు లేకుండా బతకడం వాళ్లిద్దరూ ఒక బస్సులో నేర్చుకున్నారు.

ఆ బస్సు. అది గుర్తుకు రాకూడదనుకున్న ప్రతిసారీ ముందు ఆ సీటు గుర్తుకొస్తుంది, చిరిగిన రెగ్జిను, కిటికీకి ఊచ లేదు, గాలికి నవనీత కొంగు ఎగిరి అతని మొహానికి తగులుతోంది. ఇద్దరు ఆడపిల్లలు అప్పటికే. మూడోది కడుపులో. తమను ఎరిగినవాళ్లెవరూ లేని ఊరిని వెతికి వెతికి పట్టుకుని, అక్కడ పరీక్ష చేయించాడు. ఆ పరీక్ష చేసినవాడు నోటితో చెప్పలేదు, చెప్పకూడదు కనుక. గోడ మీది క్యాలెండరులో లక్ష్మీదేవి బొమ్మ వైపు కళ్లతో చూపించాడు, అంతే. తర్వాతి వారమే మళ్లీ ఆ బస్సు. ఈసారి పరీక్షకు కాదు. అవ్వ పోరు పడలేకనే అని తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు తనకు తాను. అతని తల్లి హనుమమ్మ అన్నది నిజమే, మూడోది కూడా ఆడిదైతే నా కొడుకు నడుము ఇరుగుతది అని. కానీ హనుమమ్మ బస్సు ఎక్కలేదు. టికెట్లు తీసింది తాను. నవనీతకు కిటికీ సీటు ఇచ్చింది కూడా తానే, కడుపుతో ఉన్న మనిషి కదా గాలి తగలాలని! ఎంత మంచివాడు! మధ్యలో చాయ్ కోసం బస్సు ఆగితే, కడుపులో తిప్పుతున్నది, దిగొస్త అన్నది ఆమె. అతను ఆమె సంచీ ఒళ్లో పెట్టుకుని, ఆమె సీటు మీద తన తువ్వాలు పరిచి ఎవరినీ కూర్చోనివ్వకుండా కాపలా కాశాడు. కండక్టరు వచ్చి నీ వెంట ఉన్నామె అవతలి దిక్కు బస్సు ఎక్కింది గదనే అని చెప్పేదాకా కాపలా కాస్తూనే ఉన్నాడు. నవనీత కోస్గికి, తల్లిగారింటికి వెళ్లిపోయింది. అతను ఆమెను తీసుకురావడానికి వెళ్లలేదు. పుట్టిందని కబురు వచ్చినా వెళ్లలేదు. పాకే పిల్లను చంకనేసుకుని నవనీతే ఒకనాడు తిరిగి వచ్చింది, ఇద్దరు బిడ్డలు ఇక్కడున్నారు కనుక. వాకిట్లో నిలబడి, దీని పేరు భావన అన్నది. అంతకంటే ఒక్క మాట అనలేదు, ఇప్పటికీ అనలేదు.

ఆ పేరేమిటని అడగొచ్చు కదా అతను? ఎక్కడిది, ఎందుకు పెట్టావు అని? పెద్దదాని పేరుకూ నడిపిదాని పేరుకూ అయ్యగారిని అడిగి, అక్షరం చూసి, తర్జనభర్జనలు పడ్డ మనిషి. దీనికి మాత్రం అడగలేదు. అడిగితే ఆమె జవాబు చెబుతుంది, జవాబుతో పాటు ఆ బస్సు కూడా వస్తుంది. అందుకని పద్నాలుగేళ్లు ఇంట్లో తిరుగుతున్న ఒక మాటకు అర్థం తెలుసుకోకుండా బతికాడు. ఇవాళ అర్థం చెప్పబోతున్నారు, మైకులో, ఉచితంగా. అతను లేచి వెళ్లిపోదామా అని కూడా అనుకున్నాడు. షిఫ్టు ఉందని చెప్పొచ్చు. కానీ వెనక వరసలో కూడా మనుషులున్నారు, లేస్తే అందరూ చూస్తారు.

ఇప్పుడు మెర్సీ మేడం మైకు తీసుకుంది. పొట్టిగా, చురుగ్గా ఉంటుంది, మాట్లాడేది పుస్తకాల తెలుగే గానీ ఉషారు వచ్చిందంటే మధ్యలో తమ ఊరి మాట దూసుకొస్తుంది. తరువాతి పేరు నాకు చాలా ఇష్టమైన మాట, ముందు నేను కొంచెం చెప్పి తర్వాత పిల్లను పిలుస్తాను అంది. నల్లబల్ల మీద ‘భావన’ అని పెద్దగా రాసింది. మిరపకాయ ఎర్రగా ఉంటది, మన ఊరి బస్సు ఎర్రగా ఉంటది, దసరాకు అమ్మ కట్టిన చీర ఎర్రగా ఉంటది. మిరపకాయ లేకుండా, బస్సు లేకుండా, చీర లేకుండా ఒట్టి ఎరుపును ఎవరన్నా చూశారా అని అడిగింది. పిల్లలు లేదు లేదని అరిచారు. చూడలేదు, మరి ఎరుపంటే అందరికీ ఎట్లా తెలుసు? చూసినవాటన్నిట్లోంచీ దాన్ని విడదీసి మనసులో నిలబెట్టుకున్నాం కాబట్టి. అట్లా నిలబెట్టుకుని ఆలోచించడం మనిషికే చేతనవును, దాన్నే భావన అంటారు అంది. తర్వాత ఆ మాట పుట్టుక చెప్పింది. సంస్కృతంలో ‘భూ’ అని ఒక ధాతువు ఉందట. ఉండటం అని, కావడం అని దానికి అర్థమట. దాని నుంచే భావన వచ్చిందట. ఉండటం కాదు, ఉండేలా చేయడం. లేనిదాన్ని కలిగించడం, కడుపులో బిడ్డను కాచుకున్నట్టు మనసులో కాచుకుని ఉనికి ఇవ్వడం, అదీ దీని అసలు అర్థం అంది మేడం. ఉండేలా చేయడం. పరమేష్ తల దించుకున్నాడు. చెంపల్లోకి వేడి ఎక్కింది, చెవుల దాకా. ఈమెకు ఎవరైనా చెప్పారా? చెప్పలేదు, ఎవరూ చెప్పలేదు, ఈమె పాఠం చెబుతోంది, అంతే. అయినా ఆ మాట వరసలన్నీ దాటుకుని నేరుగా తన దగ్గరికే వచ్చి కూర్చున్నట్టయింది. ఉండకుండా చేయడానికి టికెట్లు తీసినవాడికి ఏ ధాతువు ఉందో.

ఆయుర్వేదంలో కూడా ఈ మాట ఉంది అని మేడం ఇంకా చెబుతోంది. మందు చూర్ణాన్ని ఆకు పసరులో తడిపి, నూరి, ఆరబెట్టి, మళ్లీ తడిపి, మళ్లీ నూరతారు, పసరు గుణం పొడికి పట్టేదాకా. దాన్ని కూడా భావన చేయడమనే అంటారు. ఒక సంగతిని మనసు కూడా అట్లనే నానబెట్టి నూరుకుంటది అంది. పరమేష్‌కు ఆ పని తెలుసు. అతను చేసేదే అది. మందుబిళ్లల కంపెనీలో పొడిని తడిపే సెక్షను అతనిది. తెల్లటి పొడి, అందులో గంజి లాంటి ద్రవం, ముద్ద, ఆరబెట్టడం, మళ్లీ పొడి చేయడం. రోజంతా మూతికి గుడ్డ కట్టుకుని, టోపీ పెట్టుకుని అదే పని. చేతులు ఆ పనిలో ఉంటే మనసుకు వేరే పనేముంది? ఇన్నేళ్లూ ఆ యంత్రం పక్కన నిలబడి అతను నూరింది పొడి ఒక్కటే కాదు. ఆ బస్సునే తడిపాడు, ఆరబెట్టాడు, మళ్లీ నూరాడు. అయినా ఒక్కనాడు కూడా నవనీత వెళ్లిపోయిన ఆ రెండో బస్సులోకి అతని మనసు ఎక్కలేదు. ఆమె ఒక్కతే, చేతిలో సంచీ లేకుండా, టికెట్టుకు ఎవరిని అడుక్కుందో, నిలబడి వెళ్లిందో కూర్చుని వెళ్లిందో, ఎప్పుడూ ఊహించుకోలేదు. తువ్వాలు పరిచిన తన సీటు దగ్గరే ఆగిపోయేవాడు. సిగ్గు కూడా తన గురించే పడ్డాడన్నమాట ఇన్నాళ్లూ. ఆ సంగతి ఇప్పుడు తెలిసి, అతను నవనీత వైపు చూడబోయి మానుకున్నాడు.

భావన వేదికెక్కింది. మైకు దించుకుంది. మొదటి మాటకు గొంతు కీచుమంది, పిల్లలు కిసుక్కుమన్నారు, అది కూడా నవ్వి మళ్లీ మొదలుపెట్టింది. పరమేష్ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

“నేను కోస్గిల మా అమ్మమ్మ వాళ్లింట్ల పుట్టిన. నేను పుట్టినప్పుడు మా నాయినకు కంపెనీల సెలవు ఇయ్యలే. తొట్టెల దినం గూడ ఇయ్యలే. తొట్టెల ఏసినప్పుడు చెవుల పేరు పిలుస్తరు గద, అందరు నాయిన కోసమే సూస్తున్నరంట. మా మామ ఫోన్ చేసిండు. మా నాయిన మిషన్ల సప్పుడుకెల్లి బయటికొచ్చి, గేటు కాడ నిలవడి, ఫోన్ బిడ్డ చెవి కాడ పెట్టుమన్నడు. మూడుసార్లు పిలిచిండు. అందరు పిల్లలకు పక్కన కూసోని పిలుస్తరు. నాకు మా నాయిన దూరంకెల్లి పిలిచిండు. నేను మా నాయినను సూడకముందే ఆయన గొంతు ఇన్న. కనవడనిదాన్ని మనసుల ఉండేటట్టు చేసుకునుడే భావన అని మేడం చెప్పింది గద. గందుకే గీ పేరు నాకు సరిగ్గ కుదిరింది అనిపిస్తది.”

హాలు దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. వెనక ఎవరో పెద్దావిడ నా తల్లే అంది. కురుమయ్య తండ్రి అవతలి వరసలోంచి వంగి పరమేష్ భుజం తట్టాడు. పరమేష్‌కు ముందు ఒక పెద్ద బరువు దిగినట్టయింది. దానికి తెలియదు! చెప్పలేదు తల్లి! ఒక్క క్షణమే ఆ సుఖం. మరుక్షణం ఆ దిగిన బరువు ఎక్కడ పడిందో తెలిసింది. ఆ ఫోను మోగిన మాట నిజం. మధ్యాహ్నం అన్నం వేళ, బట్టలు మార్చుకునే గదిలో, ఇనుప బీరువా అర మీద పెట్టిన ఫోను గిరగిర తిరుగుతూ మోగింది. బామ్మర్ది పేరు కనిపించింది. బోర్లా పెట్టాడు. ఇనుము మీద అది ఇంకా గట్టిగా బుసకొట్టింది. ఆగి మళ్లీ మోగింది. పక్కనున్నవాడు ఎత్తరాదే అంటే రాంగ్ నంబర్ అన్నాడు. ఆగి మళ్లీ మోగింది. టిఫిను డబ్బా తెరిచి అన్నం తిన్నాడు. ఏం కూరో కూడా గుర్తుంది, గోరుచిక్కుడు. అవతల ఏం జరుగుతోందో ఒక్కసారన్నా అనుకున్నాడా? తొట్టెల చుట్టూ ఆడవాళ్లు, పసుపు, కొత్త గుడ్డ, ఫోను పట్టుకుని నిలబడ్డ బామ్మర్ది, పచ్చి బాలింత నవనీత తమ్ముడి మొహం వైపు చూస్తూ ఉండటం, ఎత్తుతడు తీయ్, పనిల ఉన్నడేమో, మళ్ల చెయ్ అనడం, అందరూ ఆగడం, అత్తలూ అమ్మలక్కలూ ఒకరి మొహాలు ఒకరు చూసుకోవడం. ఇవాళే మొదటిసారి అదంతా కళ్ల ముందు నిలబడింది. మోగి మోగి ఆగిపోయిన ఆ ఫోనును పసిదాని చెవి దగ్గర పెట్టి, మీ నాయిన పిలుస్తుండు ఇను అని అన్నది ఎవరో అతనికి వేరే చెప్పనవసరం లేదు. ఆ పేరు పిలిచిన గొంతు నవనీతది.

ఆమె అంతటితో ఆపలేదు. పిల్ల పెరిగే కొద్దీ చెప్పి ఉంటుంది, అన్నం పెడుతూ, జడ వేస్తూ, అడిగినప్పుడల్లా చెప్పి ఉంటుంది, గేటు ఒకటి కలిపి, మిషన్ల చప్పుడు ఒకటి కలిపి. లేని నాయినను ఉండేలా చేసింది. ఆ నాయిన గేటు దగ్గర నిలబడి ఫోనులో బిడ్డను పిలిచాడు. సెలవు దొరకలేదని బాధపడ్డాడు. ఆ నాయిన చేతిలోనే ఈ పిల్ల పెరిగింది, పరమేష్ చేతిలో కాదు. తను సైకిలు కొనిచ్చినా, బడికి వచ్చి సంతకం పెట్టినా, పిల్ల నవ్వింది ఆయనను చూసే. ఇన్నేళ్లూ వేరొకరికి రావలసిన ముద్దులు తాను తీసుకుంటూ వచ్చాడు. అవమానం అంటే పది మందిలో తిట్టడం అనుకునేవాడు. పది మందిలో పొగడటం ఇంత పని చేస్తుందని అతనికి తెలియదు.

“పరమేష్ గారూ, రండి. ఆనాడు ఫోనులో పిలిచినట్టే ఇవాళ ఒక్కసారి మైకులో పిలవండి. మేమంతా వింటం” అంది మెర్సీ మేడం.

లేచాడు. నవనీత మోకాళ్లు పక్కకు తిప్పి దారి ఇచ్చింది. ఆమె తల దించుకుని ఉంది, చేతిలో రుమాలు చిన్నగా మడుస్తోంది, మడిచినదాన్ని మళ్లీ విప్పుతోంది. పిలిచెయ్యి, ఏముంది అనుకున్నాడు నడుస్తూ. మూడుసార్లు పిలిస్తే అయిపోతుంది. పిల్ల సంతోషిస్తుంది. నవనీత కట్టిన ఇల్లు కూలకుండా ఉంటుంది. మైకు ముందుకు వచ్చి నిలబడ్డాక నోరు తెరిచాడు, అప్పుడు తెలిసింది, ఆ పేరు తన నోటికి అలవాటు లేదు. బిడ్డా అన్నాడు, చిన్నదానా అన్నాడు, ఏయ్ పిల్లా అన్నాడు. పేరు పెట్టి ఏనాడూ పిలవలేదు. ఇవాళ పిలిస్తే, ఆ గేటు దగ్గరి మనిషి దగ్గర దాన్ని కూడా దొంగిలించినట్టే అవుతుంది. పక్కనే నిలబడి పిల్ల అతని వైపు చూస్తోంది, ఎంత నమ్మకంగానో.

“నేను పిలువలే మేడం” అన్నాడు. మైకు ఆ మాటను హాలు చివరిదాకా మోసుకెళ్లింది. “ఫోన్ మోగింది. నేనే ఎత్తలే. పేరు పెట్టింది నేను గాదు, వాళ్లమ్మ.”

ఎవరో నవ్వబోయి ఆగారు. పిల్ల నవ్వు ఇంకా మొహం మీదే ఉంది, ఎటు పోవాలో తెలియక. అది మైకు దగ్గరికి జరగలేదు, మామూలు గొంతుతోనే అడిగింది, కానీ అందరికీ వినిపించింది.

“ఎందుకెత్తలే నాయినా?”

నవనీత తలెత్తింది. ఇన్నేళ్లలో ఆమె అంత నేరుగా అతని మొహంలోకి చూడటం ఇదే. ఆ చూపులో కోపం లేదు, ఆపమని కూడా లేదు. నువ్వే చెప్పు అన్నట్టుంది. ముందు వరసల నిండా జడలు వేసుకున్న ఆడపిల్లలు, వాళ్లు కూడా చూస్తున్నారు. బస్సు సంగతి చెప్పే ధైర్యం అతనికి లేదు, అది ఇంకా లేదు. దానికంటే చిన్న మాట, అయినా పెద్దదే, అది ఒక్కటి బయటికి వచ్చింది.

“మూడోసారి గూడ ఆడపిల్ల అని.”

మెర్సీ మేడం మైకు కోసం చెయ్యి చాపింది. పరమేష్ ఇవ్వలేదు. దాన్ని ఇంకా దగ్గరికి లాక్కున్నాడు. పిలవడానికి కదా తనను పిలిచింది. భావనా అన్నాడు. కొత్త మాట పలికినట్టు నాలుక తడబడింది. పిల్ల పలకలేదు. వేదిక దిగి, వరసల మధ్యలోంచి తల్లి దగ్గరికి నడుస్తోంది. మళ్లీ పిలిచాడు. అది ఆగలేదు. నవనీత సంచీ తీసి ఒళ్లో పెట్టుకుంటే ఆ కుర్చీలో కూర్చుంది, తల్లి చెయ్యి పట్టుకుంది. పలకాల్సిన అవసరం దానికి ఏముందని అతనికి తెలుసు. తెలిసే, మూడోసారి కూడా పిలిచాడు.